పదంకెల పాట

(మన బడి స్వర్ణోత్సవ సభలో 1983 పదో తరగతి బ్యాచ్ తరఫున మాట్లాడిన మాటలు. సావనీరు కోసం రాసిమ్మన్నారు. తడబడినచోట సరిచేశాను తప్ప, మిగతాది మాట్లాడినట్టే ఉంచాను.)

  నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. పీరియడు బెల్లు కొట్టే పాత గంట ఇంకా ఆ వసారాలోనే వేలాడుతోంది. పదిహేను దాటితే కొట్టెయ్యండి, దిగిపోతాను.

ముందు ఒక చిన్న పరీక్ష. ఈ బడిలో అడుగుపెట్టాక పరీక్ష లేకుండా బయటికెళ్ళడం మర్యాద కాదు కదా. మీ ఇంట్లోవాళ్ళ సెల్ నెంబరు, అంటే భార్యదో, భర్తదో, కొడుకుదో, కూతురుదో, ఫోను చూడకుండా చెప్పగలిగినవాళ్ళు చేతులెత్తండి. జేబులో తడుముకోకూడదు.

చూశారా, ఈ షామియానా కింద రెండొందల మందికి తక్కువ లేరు. లేచిన చేతులు ముప్ఫై దాటలేదు. వాటిలో సగం మన మాస్టార్లవే. ఆయన వయసు ఎనభై దాటింది, మన లెక్కల మాస్టారు రెండు చేతులూ ఎత్తారు.

ముప్ఫై మూడేళ్ళు టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా పనిచేస్తున్న నాకు కూడా మా ఆవిడ నెంబరు పూర్తిగా రావడానికి రెండు క్షణాలు పడుతుంది. ఇది ఆవిడ ముందే చెబుతున్నాను, ఇంటికెళ్ళాక ఎలాగూ చివాట్లు తప్పవు. నెంబర్లన్నీ గుర్తు పెట్టుకోవడం ఫోనుకి అప్పగించేశాం. పెద్దవాళ్ళం మనకి అది ఫరవాలేదు. ఫోను లేని మనిషి ఇంట్లో ఒకళ్ళుంటారు. నాలుగేళ్ళవాళ్ళు. వాళ్ళ గురించే ఇవాళ మాట్లాడదామనుకున్నాను.

2003లో గోదావరి పుష్కరాలు. అప్పుడు నేను రాజమండ్రిలో పనిచేస్తున్నాను. జనం లక్షల్లో వస్తారని రేవుల దగ్గర తాత్కాలికంగా ఫోన్ బూత్‌లు పెట్టించాం. తీగలు లాగించడం, పరీక్షించడం అంతా మా జట్టు పనే. నాలుగో రోజు డ్యూటీ లేదని మా ఆవిడని, పాపని తీసుకుని స్నానానికి వెళ్ళాను. పాపకి ఐదో ఏడు నడుస్తోంది. మా అమ్మ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది.

మా ఆవిడ జాగ్రత్త మనిషి. ఇంటి ఫోన్ నెంబరు కాగితం ముక్క మీద రాసి, మడిచి, పాప గౌను జేబులో పెట్టి పిన్నీసు కూడా పెట్టింది. ఆ గౌనుతోనే పాపని నీళ్ళలో ముంచాం. పొడిగౌను మార్చాం. కాగితం పాత గౌనులోనే ఉండిపోయింది, అదీ ముద్దయిపోయి, సిరా అంతా కారిపోయి. నేను తుండు పిండుకుంటున్నాను, మా ఆవిడ దీపం వదులుతోంది. నేను పట్టుకున్నానని ఆవిడ, ఆవిడ పట్టుకుందని నేను. అంతే.

మూడు గంటలు. మూడు గంటలంటే ఎంతో నేను ఇప్పుడు చెప్పలేను. మైకుల్లో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదువుతూనే ఉన్నారు. ప్రతి పేరుకీ మేమిద్దరం ఆగి వింటున్నాం. మా పాప పేరు రావడం లేదు. తరవాత తెలిసింది, రెండు సార్లు చదివారట. కానీ పాప చెప్పింది ఇంట్లో ముద్దుగా పిలిచే పేరు. ఆ హోరులో అది ఇంకేదోలా వినబడింది. నాన్న పేరేంటమ్మా అని అడిగితే "నాన్న" అందట. అమ్మ పేరు "అమ్మ". ఇల్లెక్కడంటే "మామ్మ దగ్గర".

చివరికి దాన్ని ఒక పోలీసు టెంటులో చూశాం. ఒక మహిళా కానిస్టేబులు గారి ఒళ్ళో కూర్చుని బిస్కెట్లు తింటోంది. మమ్మల్ని చూసి ఏడవలేదు. అక్కడున్న ఆయన నవ్వుతూ అన్నారు, "మీ పాప గట్టిదండీ. అప్పటినుంచి పాటలు పాడుతూనే ఉంది, అయిదారు పాటలు పూర్తిగా వచ్చు." ఆ మాట అంటున్నప్పుడు నా చూపు ఆ టెంటు పక్కకి వెళ్ళింది. యాభై అడుగుల దూరంలో ఫోన్ బూత్. వారం కిందట నేను దగ్గరుండి పెట్టించిన బూత్. అవతల మా ఇంట్లో ఫోను బాగానే ఉంది. దాని పక్కనే మా అమ్మ కూర్చుని ఉంది. మధ్యలో తీగంతా సవ్యంగా ఉంది. లేనిదల్లా ఏడంకెలు, ఐదేళ్ళ పిల్ల నోట్లో.

ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ ఒక్కటే అంది. "పొద్దుట్నుంచి ఫోను పక్కనే ఉన్నాను కదరా. దానికి పాటలొచ్చు కదా, నెంబరు పాటగా నేర్పలేకపోయావా?" మా అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఇంజనీరింగు చదివిన నాకు రాని ఆలోచన అది.

ఆ రాత్రే మొదలుపెట్టాం, అమ్మా నేనూ. అప్పటికి కొద్దికాలం ముందే ఆరంకెల నెంబర్ల ముందు 2 చేర్చి ఏడంకెలు చేశారు. అంచేత మా పాట "రెండు"తో మొదలయ్యేది. మిగతా అంకెలు చెప్పను. సావనీరులో అచ్చయితే మీరందరూ చేస్తారు, నాకు తెలుసు.

అమ్మ ఏం చేసిందంటే, కొత్త వరస కట్టలేదు. చెమ్మచెక్క ఆడేటప్పుడు చేతులు తట్టే దెబ్బ ఉంటుంది కదా, ఆ దెబ్బకి అంకెలు పెట్టింది. అరచెయ్యికి ఒక అంకె. ఏడంకెలు అయ్యాక మా పేట పేరు, ఆ తరవాత నా పేరు, ఇంటిపేరుతో సహా. రెండు రోజుల్లో పాపకి వచ్చేసింది. మూడో రోజుకి మాకు విసుగొచ్చింది. వారానికి పక్కింటివాళ్ళకీ వచ్చేసింది.

ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని నాకు ఆశ్చర్యం. నాలుగేళ్ళ పిల్లకి విడివిడిగా అంకెలు చెప్పి తిరిగి అప్పజెప్పమంటే మూడు, నాలుగు మించి చెప్పడం కష్టం. పెద్దవాళ్ళకే ఏడు, అటూ ఇటూగా రెండు అని 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు, చాలా పేరున్న వ్యాసం. (ఏడంకెల ఫోన్ నెంబర్లు ఆయన చెప్పాకే వచ్చాయని చాలామంది అంటుంటారు. అది నిజం కాదు, అంతకు ముందునుంచీ ఉన్నాయి. మా వృత్తివాళ్ళ పరువుకోసం ఈ మాట చెప్పాలి.) ఆయన చెప్పిన ఇంకో సంగతి ముఖ్యమైనది. విడి అంకెల్ని మూటలు కడితే ఒక్కో మూట ఒక్క వస్తువుగా గుర్తుంటుంది. మూడు మూటలైతే పదంకెలూ మోయచ్చు. పాట చేసేది ఆ మూట కట్టడమే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎత్తుకోవాలో వరసే చెబుతుంది.

మనం ఎక్కాలు ఎలా నేర్చుకున్నాం? సాయంత్రం చివరి పీరియడులో, వసారాలో బారుగా నిలబడి, ఊరంతా వినబడేట్టు. పదిహేడో ఎక్కం మధ్యలో ఆపి పదిహేడేళ్ళెంత అంటే నాకు ఇప్పటికీ రాదు. మొదటినుంచి ఎత్తుకుంటే వస్తుంది. ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల పేర్లూ అంతే.

ఇప్పుడు మన తెలుగు మాస్టారికి ఒక బాకీ తీర్చాలి. తొమ్మిదో తరగతిలో గురువు, లఘువు, గణాలు చెప్పేటప్పుడు నేను వెనక బెంచీలో కూర్చుని "ఇవి ఇంజనీరుకి ఎందుకు పనికొస్తాయండీ" అని అడిగాను. ఆయన కొట్టలేదు. "పనికొచ్చిన రోజున వచ్చి చెప్పు" అన్నారు. మాస్టారూ, ఇవాళ చెబుతున్నాను.

మన అంకెల పేర్లకి గురులఘువులు వేసి చూడండి. ఒకటి అంటే మూడు లఘువులు, నగణం. రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, ఇవన్నీ గురువు మీద లఘువు, హగణం. నగణం, హగణం రెండూ సూర్యగణాలు. మూడేసి మాత్రలు. నాలుగు, తొమ్మిది భగణాలు. ఎనిమిది నాలుగు లఘువులు, నలం. ఇవి ఇంద్రగణాలు, నాలుగేసి మాత్రలు. మిగిలింది సున్నా. రెండు గురువులు. అది ఇటు సూర్యగణం కాదు, అటు ఇంద్రగణం కాదు, కానీ మాత్రలు మాత్రం నాలుగే. అంటే సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకె తీసుకున్నా మూడు మాత్రలు, కాకపోతే నాలుగు. ఇంకో మాట లేదు. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు ఒక జట్టు. సున్నా, నాలుగు, ఎనిమిది, తొమ్మిది ఇంకో జట్టు.

ఇది తెలిశాక మీ నెంబరుకి ఏ నడక వస్తుందో మీరే చెప్పుకోవచ్చు. 3, 5, 2 అని వచ్చిందనుకోండి, మూడు, ఐదు, రెండు, అంతా తిశ్రం. ఊయల ఊపినట్టు వెళుతుంది. 4, 0, 9, 8 వచ్చిందనుకోండి, నాలుగు, సున్నా, తొమ్మిది, ఎనిమిది, బడిపిల్లలు కవాతు చేసినట్టు చతురశ్రం. మూడు తొమ్మిది, మూడు తొమ్మిది అని కలిసి వస్తే మూడూ నాలుగూ ఏడు, మిశ్రగతి. అది కొంచెం గమ్మత్తుగా నడుస్తుంది, పిల్లలకి భలే ఇష్టం. అంకెలు కలగాపులగంగా ఉంటే మూడు మాత్రల అంకె చివర కొంచెం సాగదీసి నాలుగు చెయ్యండి, సరిపోతుంది. మా అమ్మకి ఈ గణాలేవీ తెలియవు. చెయ్యి తట్టి చూసుకుని కుదిరిందో లేదో చెప్పేది. నేను లెక్కకట్టి చూస్తే ప్రతిసారీ ఆవిడదే రైటు.

అంకెల్ని మాటలు చేసి గుర్తుపెట్టుకోవడం మనకి కొత్త కాదు. కటపయాది అని ఒక పద్ధతి ఉంది. ఒక్కో హల్లుకి ఒక్కో అంకె. మేళకర్త రాగాల పేర్లు అలాగే పెట్టారు. ధీరశంకరాభరణంలో మొదటి రెండక్షరాలు ధ, ర. ధ అంటే తొమ్మిది, ర అంటే రెండు. తిరగేస్తే ఇరవై తొమ్మిది, అదే ఆ రాగం మేళకర్త సంఖ్య. మాయామాళవగౌళ మ, య: ఐదు, ఒకటి. తిరగేస్తే పదిహేను. నేను ఓసారి ఉత్సాహం కొద్దీ మా సెల్ నెంబరుని కటపయాదిలో ఒక వాక్యంగా రాశాను. మా ఆవిడ చదివి ఇది ఏ భాష అని అడిగింది. దాన్ని అక్కడితో వదిలేశాను.

సరే, నేర్పడం సంగతికి వస్తాను. అప్పట్నుంచీ బంధువుల పిల్లలకి, అపార్టుమెంటు పిల్లలకి, ఎవరు దొరికితే వాళ్ళకి నేర్పుతున్నాను. చుట్టాలు నన్ను చూసి పిల్లల్ని దాచేస్తారు. ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో అది చెబితే మీకు ఎక్కువ ఉపయోగం.

మా పాప విషయంలోనే మొదటి పొరపాటు. నెంబర్లో ఐదు, ఆరు పక్కపక్కన ఉన్నాయి. పాటలో అవి కలిసిపోయి "ఐదారు" అయ్యాయి. పాపకి అది ఒక అంకె. వినేవాళ్ళకి అది ఐదో ఆరో తేలని లెక్క. ఇంగ్లీషు ఏబీసీడీ పాటలో ఎల్ ఎమ్ ఎన్ ఓ పీ అంతా ఒకే అక్షరం అనుకునే పిల్లలు ఉంటారు, అదే జబ్బు. మందు ఏమిటంటే, పాట వచ్చేశాక చేతివేళ్ళు చూపిస్తూ పాడించడం. ఒక్కో అంకెకి అన్ని వేళ్ళు. లేదా పాత కీప్యాడు ఫోను ఇచ్చి పాడుతూ నొక్కమనడం. ఏడు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. "ఏడు" అనగానే మా మేనల్లుడు ఏడుపు మొహం పెట్టేవాడు. ఏడవమన్నాననుకున్నాడు. వాడికి ఆ చోట నిజంగానే ఏడుస్తున్నట్టు నటించమని చెప్పాం, ఇక ఆ అంకె మరచిపోతే ఒట్టు.

డబుల్, ట్రిపుల్ అనే మాటలు పాటలోకి రానివ్వకండి. డబుల్ ఫోర్ అని పిల్ల అంటే, వినేవాడు రెండు నాలుగులు రాసుకుంటాడు. అదే పిల్ల భయంలో డబుల్ మరచిపోతే ఒక నాలుగే మిగులుతుంది. తొమ్మిదంకెలకి ఏ ఎక్స్ఛేంజీ ఏం చెయ్యలేదు. అంకె రెండుసార్లు వస్తే రెండుసార్లూ పాడించండి.

పదంకెల్ని ఐదూ ఐదూ అని విరుస్తాం మన దగ్గర. పెద్దవాళ్ళకి బాగానే ఉంటుంది. చిన్నపిల్లలకి నేను మూడు, మూడు, నాలుగు అంటాను. ఐదు ఒక్క గుక్కలో వాళ్ళకి ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం, పాటని ఇంట్లో పాడటం వేరు, జనంలో చెప్పడం వేరు. బుగ్గలు పిసికి "పాట పాడమ్మా" అంటే సగంమంది పిల్లలు తల్లి చెంగు వెనక్కి పోతారు. తప్పిపోయినప్పుడు ఆ చెంగూ ఉండదు. అందుకని వచ్చాక వారానికోసారి ఆటగా పరీక్ష పెట్టండి. మీరు పోలీసు, లేదా కొట్టు యజమాని. "ఎవరమ్మా నువ్వు, మీ ఇంటికి ఫోను చెయ్యాలి" అని గొంతు మార్చి అడగండి. ఎవరికి చెప్పాలో కూడా అప్పుడే నేర్పాలి. పోలీసు బట్టల్లో ఉన్నవాళ్ళకి, కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళకి, పిల్లల్ని వెంటపెట్టుకున్న అమ్మలకి. బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకీ పాడి వినిపించే పాట కాదిది. తప్పిపోతే కదలకుండా నిలబడాలి, ఇలాంటివాళ్ళ దగ్గరే పాడాలి. ఈ మాట కూడా పాటతోపాటే చెప్పాలి.

పాడింది విని ఎవరో ఫోను చేశారనుకోండి. మనం ఎత్తుతామా? కొత్త నెంబరు నుంచి ఫోనొస్తే లోనువాళ్ళో, స్థలాలమ్మేవాళ్ళో అని కట్ చేస్తాం. నేనూ చేస్తాను. పిల్లకి నేర్పిన నెంబరు ఎవరిదైతే వాళ్ళు, పిల్లతో బయటికెళ్ళిన రోజున ప్రతి ఫోనూ ఎత్తాలి. ఆ నెంబరు మార్చకూడదు కూడా. 2011 జనవరి నుంచి దేశమంతటా కంపెనీ మారినా నెంబరు ఉంచుకునే సౌకర్యం ఉంది కాబట్టి చవక ప్లాను కోసం నెంబరు మార్చక్కర్లేదు.

తెలుగు అంకెలా, ఇంగ్లీషు అంకెలా అని మాస్టారు నన్ను పొద్దున్నే అడిగారు. నా మనసు తెలుగు వైపే, ఇంతసేపు గణాలు చెప్పినవాణ్ణి. కానీ మా మనవరాలు బెంగళూరులో ఉంటుంది, మూడేళ్ళది. అక్కడ తప్పిపోతే ఎనిమిది, తొమ్మిది అంటే దొరికినవాళ్ళకి అర్థం కావాలి కదా. నైన్, ఎయిట్ అంటే దేశంలో ఎక్కడైనా రాసుకుంటారు. ఇంగ్లీషులో సెవెన్, జీరో తప్ప మిగతావన్నీ ఒక్క పలుకు మాటలు, వరసలో ఇట్టే కూర్చుంటాయి. అంచేత దానికి ఇంగ్లీషులోనే నేర్పాం. మొన్న అది నన్నడిగింది, "తాతా, తొమ్మిదంటే నైనా?" అవునన్నాను. మాస్టారూ, తెలుగులో కూడా నేర్పుతాను, కొంచెం గడువివ్వండి.

ఇంటి నెంబరుతో పాటు ఇంకోటి నేర్పచ్చు. పిల్లల కోసం 1098 ఉంది, 1996లో ముంబయిలో మొదలైంది. హిందీలో దస్, నౌ, ఆఠ్ అని పది, తొమ్మిది, ఎనిమిది వరసగా మెట్లు దిగినట్టు ఉంటుంది. దానికి పాట కూడా అక్కర్లేదు. నెంబరు పెట్టడమంటే అలా పెట్టాలి. మా శాఖలో అంత బాగా పెట్టిన నెంబరు నేను ఇంకోటి చూడలేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. గంట కొట్టే అబ్బాయి ఇంకా కూర్చునే ఉన్నాడు కాబట్టి ఇంకొక్క సంగతి చెబుతాను. ఇది చెప్పాలా వద్దా అని నిన్న రాత్రంతా అనుకున్నాను.

మా పాప పెద్దదైంది, చదువుకి వెళ్ళింది. ఇంట్లో అందరికీ సెల్ ఫోన్లు. లాండ్‌లైను మోగడం మానేసింది. మోగినా తప్పు నెంబర్లే. 2016లో నేనే తీయించేశాను. ముప్ఫై ఏళ్ళు తీగలు వేసినవాణ్ణి, మా ఇంటి తీగ నేనే పీకించాను. సంతకం పెట్టి రిసీవరు అప్పగిస్తుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు.

ఆ తరవాత ఏడాదికే అమ్మకి మరుపు మొదలైంది. మొదట తాళాలు, తరవాత తిథులు, తరవాత మనుషులు. నన్ను మా మేనమామ పేరుతో పిలిచేది. 2018 సంక్రాంతి ముందు ఓ పొద్దున్న గేటు తీసుకుని వెళ్ళిపోయింది. ముగ్గులు చూడటానికి వెళ్ళిందేమో అనుకున్నాం. తొమ్మిదింటికి పోలీసు స్టేషనుకి వెళ్ళాను. ఫొటో ఇచ్చాను. మళ్ళీ అదే రాజమండ్రి, మళ్ళీ అవే గంటలు. ఈసారి తప్పిపోయింది మా అమ్మ.

పదకొండు దాటాక ఇంటినుంచి ఫోను. వచ్చేసిందని. వెళ్ళేసరికి గుమ్మం ముందు ఒక స్కూటీ, అరుగు మీద అమ్మ, పక్కనే ఒకావిడ, ఆవిడ కొడుకు. ఆవిడ బస్సుస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుంటుంది. మా అమ్మ బండి దగ్గర నిలబడి ఎటూ తోచక చూస్తుంటే కూర్చోబెట్టి టిఫిను పెట్టింది. పేరడిగితే తెలియదు. ఊరడిగితే తెలియదు. ఫోను నెంబరు ఉందా మామ్మగారూ అని అడిగితే మా అమ్మ రెండు చేతులూ ఎత్తి, ఆవిడ చేతుల మీద తట్టుకుంటూ పాట ఎత్తుకుందట. రెండు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏడంకెలూ, తప్పు లేకుండా.

ఆ కుర్రాడు 0883 పెట్టి కొట్టాడు. ఈ నెంబరు వాడుకలో లేదు అని వచ్చింది. మళ్ళీ పాడించాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. పాడించి పాడించి ఆ కుర్రాడికి పాట చివర ఉన్న పేట పేరు, నా పేరు పట్టుబడ్డాయి. స్కూటీ మీద మధ్యలో మా అమ్మని కూర్చోబెట్టుకుని, తల్లి వెనకాల పట్టుకుని, పేటంతా తిరిగి నా పేరు అడుగుతూ వచ్చారు. "మీ అమ్మగారు నెంబరు సరిగ్గానే చెప్పారండీ, ఫోనే పనిచెయ్యట్లేదు" అన్నాడా కుర్రాడు నాతో. నేను ఏ శాఖలో పనిచేస్తానో అతనికి తెలియదు.

మర్నాడు ఆఫీసులో మొదటి పని, ఆ పాత నెంబరు సంగతి చూడటం. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. దరఖాస్తు రాసి, అందరిలాగే కౌంటరులో డబ్బు కట్టి, అదే నెంబరు మళ్ళీ తెచ్చుకున్నాను. తీగ లాగడానికి వచ్చిన లైన్‌మన్ "ఇప్పుడెందుకు సార్ లాండ్‌లైను" అని అడిగాడు. మా అమ్మకి ఆ నెంబరే వచ్చయ్యా అన్నాను. అతను మరి మాట్లాడలేదు, పని అయ్యాక ఛార్జీ తీసుకోనన్నాడు.

అది ఒకే ఒక్కసారి పనికొచ్చింది. 2019లో ఒక సాయంత్రం మోగింది. ఎత్తితే ఎవరో గుడి పూజారి గారు. "ఇక్కడ ఒక పెద్దావిడ చప్పట్లు కొడుతూ ఈ నెంబరు పాడుతున్నారండీ" అన్నారు. పది నిమిషాల్లో వెళ్ళి తెచ్చుకున్నాం.

అమ్మ 2020లో వెళ్ళిపోయింది. చివరి నెలల్లో మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు దాన్ని కూడా గుర్తుపట్టలేదు. అది మంచం మీద కూర్చుని చేతులు చాపి "రెండు" అనేది. అమ్మ చేతులు లేచేవి.

ఫోను ఇంకా ఉంది. నెలనెలా బిల్లు కడుతున్నాను. ఎందుకండీ దండగ అని మా ఆవిడ అప్పుడప్పుడూ అంటుంది, తీయించమని మాత్రం అనదు.

అదిగో, గంట దగ్గరికి వెళుతున్నాడు. భోజనాల తరవాత నేను బావి పక్కన వేపచెట్టు కింద కూర్చుంటాను. మీ పిల్లల్ని, మనవల్ని తీసుకురండి. తలా ఒక వరస కట్టిపెడతాను. తెలుగు మాస్టారు కూడా పక్కనుంటానన్నారు, గణాలు తప్పితే పట్టుకుంటారు. మీ నెంబరు కాగితం మీద రాసుకుని రండి. ఫోను చూసి రాసినా ఫరవాలేదు.